అనుద్యూతము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలోని యువకుల నోట నొక క్రొత్త మాట వినవచ్చుచున్నది. "మునుపు తొందరపడి ఆడితిమి, పోగొట్టుకొంటిమి. ఈమారు చిన్నపందెములతో మొదలిడి మెల్లమెల్లగా మూలధనమును పెంచుకొందుము" అనునదే ఆ మాట. చేతిఫోనులో డబ్బొడ్డి ఆడు పోకరు, రమ్మీలను గూర్చి ఈ ప్రసంగము. జూదమును విడుచుట కాదు, పొదుపుగా నాడుట యని దీని తాత్పర్యము. పెద్దలు దీనిని విని నవ్వి యూరకుందురు. అది తగదని మా యభిప్రాయము. ఇందు కొంత లెక్క యున్నది. ఆ లెక్కను కడవరకు వేసి చూడనిదే ఆ యువకులకు బదులు చెప్పు నధికారము మనకు లేదు.

ముందుగా చట్టము మాట. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూదపు చట్టమును 2020లో సవరించి ఫోనులో నాడు పందెపుటాటలను రాష్ట్రప్రభుత్వము నిషేధించినది. ఆడించువానికే గాక ఆడువానికిని ఆరునెలల వరకు ఖైదు విధింపవచ్చునని అందున్నది. తెలంగాణము 2017లోనే యీ పని చేసినది. పిమ్మట 2025 ఆగస్టు 20, 21 తేదీలలో పార్లమెంటు ఉభయసభలును ఒక చట్టము నామోదింపగా, 22వ తేదీన రాష్ట్రపతి సమ్మతి లభించినది. నేర్పుగల ఆటయా, అదృష్టపుటాటయా యను విచారణ లేకయే డబ్బొడ్డించు ప్రతి ఫోనుటాటను అది నిషేధించుచున్నది. ఆడించువారికి మూడేండ్ల వరకు ఖైదును, కోటి రూపాయల వరకు జుల్మానాయు గలవు. ఆడువానికి మాత్రము అందు శిక్ష లేదు. దేశమున 45 కోట్లమంది ఏటేట సుమారు 20,000 కోట్ల రూపాయలు ఈ యాటలలో పోగొట్టుకొనుచున్నారని అప్పుడు ప్రభుత్వము అంచనా చెప్పినది. పేరుపడిన యాప్‌లు ఆ దినములలోనే డబ్బాటలను కట్టిపెట్టినవి. కథ ముగిసెనని తలచితిమి. ముగియలేదు. సముద్రముల కావలనుండి నడచు బల్లలు తెరచియే యున్నవి. కొద్దిపాటి రూపాయలు చాలునని పిలుచుచునే యున్నవి.

పోకరు కేవలము అదృష్టపుటాట యని మేము వాదింపము. అందు నేర్పున్నది. రమ్మీ ప్రధానముగా నేర్పుతో గూడిన యాట యని 1967లో సుప్రీంకోర్టు చెప్పినమాట నిజమే. అది సికింద్రాబాదు క్లబ్బొకదానిపై మన రాష్ట్రప్రభుత్వము నడపిన వ్యాజ్యము. అయితే ఆ తీర్పును జెండావలె నెత్తువారు దానిలోని రెండవమాటను చదువరు. పందెపుటాటనుండి ఇల్లుగలవాడు లాభము తీయుచున్నయెడల నేరము కాగలదని న్యాయమూర్తులు అందే చెప్పియున్నారు. ఫోను బల్లపై ప్రతి పందెమునుండియు నూటికి ఇంత యని తన వంతును ముందుగా తీసికొనువాడు ఇల్లుగలవాడు కాక మరెవ్వడు?

ఇక చిన్నపందెముల సిద్ధాంతము. దీనికొక గురువు గలడు. 2000లో ప్రపంచ పోకరు పోటీని గెలిచిన క్రిస్ ఫెర్గూసన్ అను అమెరికాదేశీయుడు కంప్యూటరు శాస్త్రమున డాక్టరు పట్టము పొందినవాడు. 2006లో చేత దమ్మిడీ లేకుండ, రుసుము లేని పోటీలలో దొరకిన చిల్లరతో మొదలిడి, ఏడాదికి పైగా శ్రమపడి 10,000 డాలర్లు కూర్చి చూపెను. తన మొత్తములో ఇరువదియవ వంతునకు మించి ఏ బల్లపైనను పెట్టరాదని ఆతని నియమము. నియమము మంచిదే. గవ్వలకు ఇల్లమ్ముకొనువానికన్న ఇట్టివాడు వేయిమడుగులు మేలు.

మన యువకుని విషయమున ఈ నియమము నేమి చేయునో చూతము. ఆతని మూలధనము 1,000 రూపాయలనుకొందము. ఇరువదియవ వంతనగా 50 రూపాయలు. 50 రూపాయలతో కూర్చుండు బల్లపై పెద్దపందెము అర్ధరూపాయి. వంద పంపిణీలకు అట్టి పందెములు అయిదు మిగుల్చుకొనువాడు గట్టి యాటగాడని ఆ విద్య నెరిగినవారు చెప్పుదురు. పలువురు అంత మాత్రమును మిగుల్పలేరు. అయిదు అర్ధరూపాయలనగా రెండున్నర రూపాయలు. ఫోనుబల్లపై గంటకు సుమారు 70 పంపిణీలు జరుగును. కావున గంటకు ఆతని సంపాదన ఒక రూపాయి ముప్పాతిక! వేయి రూపాయలు రెండువేలగుటకు 40,000 పంపిణీలు, అనగా 571 గంటలు కావలెను. దినమునకు ఎనిమిది గంటల చొప్పున 71 దినములు. నాలుగు బల్లలు ఒక్కమారే యాడుదు నందురా? అప్పటికిని పదునెనిమిది దినములు పట్టును. నీరుగట్టువారిపల్లె మగ్గముపై కూర్చుండినవాడుగాని, టమాటా మార్కెట్టులో పెట్టెలు మోయువాడుగాని ఆ వేయి రూపాయలను రెండుమూడు దినములలో ఇంటికి తెచ్చును. ఇదియు అంతయు సవ్యముగా నడచినపుడు మాత్రమే. అన్నిటికన్న గొప్పదగు ఆసుల జంట 221 పంపిణీలకు ఒకమారు వచ్చును. వచ్చినపుడును రాజుల జంటకు ఎదురుపడి అయిదింట దాదాపు ఒకమారు ఓడును.

రహస్యమంతయు ఇచ్చటనే యున్నది. చిన్నపందెమునకు తిరిగి వచ్చువాడు గంటకు రూపాయి ముప్పాతికకై రాడు. ఆతని తలపై యాబదివేలో లక్షో అప్పున్నది, ఇంటివారికి తెలియదు, వడ్డీదినము దగ్గరపడుచున్నది. ఓపికయే మూలధనమైన మార్గమును, ఓపిక పట్టుటకు వ్యవధి లేనివానికి ఉపదేశించుచున్నారు. నాలుగవ దినమున ఆతడు అర్ధరూపాయి బల్లను విడిచి పదిరూపాయల బల్లకు పోవును. నియమమును తప్పినాడని గురువులు నిందింతురు. తప్పక యేమి చేయును?

ఎదుటివాని మాటయు చెప్పవలెను. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారి లిబ్రాటస్ అను యంత్రము 1,20,000 పంపిణీలలో నలుగురు ఉద్దండులను ఓడించినది. 2019లో వారిదే ప్లూరిబస్ ఆరుగురి బల్లపైనను గెలిచినది. అట్టిదాని పిల్లయంత్ర మొకటి ఎదుటి పేరు చాటున కూర్చుండలేదని పుంగనూరులో మంచముపై పండుకొని యాడువానికి ఎవరు పూచీ?

పైకమునకును పూచీ లేదు. ఫెర్గూసన్ ఆ పదివేల డాలర్లు కూర్చినది ఫుల్ టిల్ట్ పోకరు బల్లలపైన. ఆ సంస్థ నిర్వాహకులలో ఆతడును ఒకడు. ఆటగాండ్రకు 39 కోట్ల డాలర్లు చెల్లవలసియుండగా బ్యాంకులో 6 కోట్లే యున్నవని 2011లో అమెరికా న్యాయశాఖ ఆరోపించినది. తప్పొప్పుకొనకయే ఆతడు పిమ్మట రాజీపడెను. అది వారి దేశీయులు నడపిన సంస్థ, వెంటబడుటకు వారి ప్రభుత్వ మున్నది. మన కుప్పము కుర్రవాడు ఏ ద్వీపమువానిపై ఏ కోర్టున దావా వేయును? 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను ప్రకారము పందెపు టొడంబడిక చెల్లదు. గెలిచిన సొమ్మునకు దావాయే లేదు.

భారతము చదివినవారికి ఇది క్రొత్త కాదు. ధర్మరాజు ఓడినది ఒక్కమారు కాదు. మొదటి జూదమున పోయినదంతయు ధృతరాష్ట్రుడు మరల నిచ్చివేసెను. తమ్ములతో ద్రౌపదితో ఇంద్రప్రస్థమునకు బయలుదేరెను. దారిలో దూత వచ్చి పిలిచెను. మరలెను. పండ్రెండేండ్ల అరణ్యవాసమును, ఒక యేటి యజ్ఞాతవాసమును ఆ రెండవజూదపు ఫలము. దానినే అనుద్యూత మందురు. మన యువకులలో చదువుకొన్నవారు నలుని చూపుదురు. నలుడును మరల నాడెను, గెలిచెను, నిజమే. అయితే ఋతుపర్ణునియొద్ద అక్షహృదయము నేర్చిన పిమ్మటనే యాడెను. తనను గెలిచిన పుష్కరునితోడనే యాడెను. రాజ్యము రాగానే యాట చాలించెను. ఈ మూడవపని చేసినవానిని మాకు చూపుడు.

"మా సేద్యము మాత్రము జూదము కాదా?" యని యడుగుదురు. ఈ ప్రశ్నకు మేము తలవంచుచున్నాము. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్టున కిలో టమాటా రెండువందల రూపాయల దరికి పోయినది. అదే పంటను ధర లేక రోడ్డుప్రక్కన పారబోసిన యేండ్లును మనమందరము చూచినవే. తండ్రి పెట్టుబడియంతయు ఒక్క పంటపై నొడ్డుటను చూచి పెరిగిన కొడుకునకు ఒడ్డుట తప్పని తోచదు. అయినను భేదమున్నది. తోట చెడినను నేల మిగులును, పండినదానిని ఎవరో యొకరు తిందురు. బల్లపై ఒకని గెలుపు మరియొకని యోటమియే. నడుమ ఇల్లుగలవాని వంతు వేరు.

ప్రభుత్వములకును మేము చెప్పవలసినది గలదు. 2023 అక్టోబరు 1 నుండి ఈ యాటలలో వేసిన ప్రతి నూరు రూపాయలపైనను 28 రూపాయల పన్ను విధించినవారును, గెలిచినదానిలో నూటికి 30 పట్టుకొన్నవారును వీరే. వ్యాధియని తెలిసియు రెండేండ్లు దానిపై పన్ను తీసి, పిదప ఒక్కవారములో తలుపులు మూసిరి. లోపల చిక్కినవారి యప్పులనుగాని చిత్తములనుగాని విచారించినవారు లేరు. కుప్పమునకు ఒకవైపు కర్ణాటకము, మరొకవైపు తమిళనాడు. 2020లో మనవైపు మూసిన యాట, కర్ణాటక చట్టమును 2022 ఫిబ్రవరి 14న అచ్చటి హైకోర్టు కొట్టివేయగా, సరిహద్దున కావల చట్టబద్ధమైయుండెను. కేంద్రపు చట్టముపై వేసిన వ్యాజ్యములు 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టునకు చేరినవి. చెట్టుక్రింద పేకలు పంచుకొను నలుగురు కూలీలను పట్టి ఫొటో తీయించుట సులభము. విదేశపు బల్లలకు పైకము చేర్చు ఖాతాలను వెదకి పట్టుట కష్టము. ఆ కష్టమైన పనినే మా జిల్లాల పోలీసువారు చేయవలెనని కోరుచున్నాము.

ఇంటివారికి ఒకమాట. కొడుకు మరల నాడుచున్నాడని తెలిసిననాడు కొట్టవలదు, అప్పు తీర్చి చేతికి పైక మీయనువలదు. అప్పుల పట్టిక ఆతనిచేతనే వ్రాయించి, బ్యాంకుఖాతాను కొంతకాలము ఇంటిలో మరియొకరి చూపునందుంచుడు. జూదవ్యసనమును ప్రపంచ ఆరోగ్యసంస్థ వ్యాధుల పట్టికలో చేర్చియున్నది, దానికి వైద్యమున్నది. బెంగుళూరు నిమ్హాన్సు ఆసుపత్రిలో ఫోను, ఇంటర్నెట్టు వ్యసనములకై 2014 నుండి ప్రత్యేక విభాగము నడచుచున్నది. కుప్పమునుండి రైలెక్కిన చాలును. అంతదూరము పోలేనివారు 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఉచితముగా పిలువవచ్చును. పఠనమందిరముల కార్యదర్శులు ఆ సంఖ్యను, పైన వేసిన 571 గంటల లెక్కతో కూడ, పత్రికల బల్ల యెదుటి గోడపై అంటింతురుగాక.