ఫోన్‌కి ఐపీ68 ఉంది.. చెక్క ఫ్లోర్‌కి లేదు!

నాంపల్లి స్టేషన్ దగ్గర మా పెద్దనాన్న వాళ్ల పాత ఇంట్లో మేడ మీద గది నేలంతా టేకు పలకలే. పోయిన వానాకాలం నేనే ముచ్చటపడి రోబో వాక్యూమ్ కొనిచ్చా. రోజూ మాపింగ్ మోడ్ ఆన్. రెండు నెలలకి చార్జింగ్ డాక్ దగ్గర నల్లటి మచ్చ, పలకల అంచులు పైకి లేచాయి. "ఇది తుడవడానికి తెచ్చినవా, నానబెట్టడానికా?" అన్నాడు పెద్దనాన్న. తప్పు నాదే. పని అయ్యాక ఆ రోబో తడి గుడ్డతోనే గంటల తరబడి చెక్క మీద కూర్చునేది.

అయితే తేమ మాప్ నుంచే రాదు, గాలి నుంచి కూడా వస్తుంది. గాలిలో తేమ 30 శాతం దగ్గరే ఉంటే చెక్కలో తేమ సుమారు 6 శాతం దగ్గర ఆగుతుంది. అదే 80 శాతం దగ్గరుంటే మెల్లగా 16 దాకా వెళ్తుంది. అందుకే ఎండాకాలం పలకల మధ్య సందులు, వానల్లో ఉబ్బు.

నా ఒపీనియన్ సింపుల్. చెక్క ఫ్లోర్ ఉంటే ముందు కొనాల్సింది రోబో కాదు, డిజిటల్ హైగ్రోమీటర్. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఫోన్ కవర్, టెంపర్డ్ గ్లాస్‌కి మనం పెట్టేంత ఖర్చే. రీడింగ్ 60 దాటితే ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి. రోబో ఇప్పటికే ఉంటే యాప్‌లో ఆ గదిని నో-మాప్ జోన్ చేసి, డాక్‌ని టైల్స్ ఉన్న గదిలోకి మార్చండి. లేచిన పలకల్ని వెంటనే సాండింగ్ చేయించొద్దు. తడి మీద అరగదీస్తే, ఆరాక అంచులు పల్లమైపోతాయి. ముందు ఆరనివ్వండి.

ఫోన్ పాడైతే ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ ఉంది. తాతల నాటి టేకుకి ఏ ఆఫరూ లేదు.