కాల్చనక్కరలేని ఇటుక

ఇల్లు కట్టడం పుణ్యకార్యమంటారు మన పెద్దలు. కాని ఆ ఇంటికి ఇటుక ఎక్కడనుంచి వస్తున్నదో ఆలోచించేవారెందరు? వెయ్యి ఇటుకలకు సుమారు 3 టన్నుల మట్టి కావాలి. అందులో చాలాభాగం వచ్చేది పంట పొలాలనుంచే. మా వైపు మెరక పొలానికి కాలవ నీరెక్కదని రైతులు పైమట్టిని బట్టీలవాళ్లకు అమ్ముకుంటారు. నీరైతే ఎక్కుతుంది గాని, సారమంతా ఆ పై జానెడు మట్టిలోనే ఉంది గదా! ఆ తర్వాత ఎన్ని బస్తాల ఎరువు చల్లినా చాలా ఏళ్లు పాత దిగుబడి రాదు. తప్పంతా రైతుదేనంటే మాత్రం నేనొప్పుకోను. అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డప్పుడు మట్టి కూడా పంటే.

ఇక రెండోవైపు చూడండి. మన దేశపు బొగ్గులో ఇంచుమించు మూడోవంతు బూడిదే. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల దగ్గర అది చెరువులకు చెరువులుగా పేరుకుంది.

ఈ బూడిదలో సిలికా, అల్యూమినా ఉన్నాయి. నీటి తోడుతో అవి సున్నంతో కలిసి సిమెంటులాంటి పదార్థంగా మారి, రోజులు గడిచేకొద్దీ గట్టిపడతాయి. కాస్త జిప్సం చేర్చితే మొదటి రోజుల్లోనే బలం వస్తుంది. ఆ జిప్సం కూడా ఫాస్ఫేటు ఎరువుల ఫ్యాక్టరీలో మిగిలిపోయేదే కావచ్చు. నిప్పుతో పనే లేదు! మన విశాఖపట్నంలోనే భానుమతిదాస్, కాళిదాస్ అనే శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని ‘ఫాల్-జి’ పేరుతో రూపొందించారు.

మరి జనం ఎందుకు వెనకాడుతున్నారు? "బూడిద ఇటుక విరిగిపోతుందండీ" అంటారు తాపీమేస్త్రీలు. కొన్ని విరిగే మాట నిజమే. సున్నం తగ్గించి, రెండు రోజులు నీళ్లు చల్లి లారీ ఎక్కిస్తే విరగక ఏం చేస్తుంది? రెండు మూడు వారాలు తడపాలి. బూడిదలో పోసిన పన్నీరంటాం గాని, ఈ బూడిదలో పోసిన నీరు వృథా పోదు.

థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఇటుకల్లో బూడిద కలపాలని కేంద్ర ప్రభుత్వం 1999లోనే ఉత్తర్వు ఇచ్చింది. కాని ఉత్తర్వుతో నమ్మకం రాదు, పరీక్షతో వస్తుంది. ఆ పరీక్ష మన లేబరేటరీలోనే మొదలుపెట్టవచ్చు. ఆరిన ఇటుకను తూచి, 24 గంటలు నానబెట్టి మళ్లీ తూచండి. బరువు 20 శాతానికి మించి పెరిగితే అది మంచి ఇటుక కాదు. ఈమాత్రం పని సైన్సు విద్యార్థులం మనం చెయ్యలేమా?

మిత్రులారా! పరీక్షకు నిలిచిన బూడిద ఇటుకతోనే మన కొత్త హాస్టళ్లు కట్టమని యూనియన్ పక్షాన అడుగుదాం. దానితోపాటు పంటకు గిట్టుబాటు ధర కూడా అడుగుదాం. మట్టి అమ్ముకోవలసిన అవసరమే రైతుకు రాకుండా చెయ్యడం ఏ ఇటుకకూ చేతకాదు.