సంపాదకుని మాట: ముందు ఒక్క చెట్టుకు

కొత్త మందు వస్తే జి. కొండూరు మామిడి రైతు తోటంతా కొట్టేయడు. గట్టు పక్కన ఒక్క చెట్టుకు కొట్టి, పూత మాడుతుందేమో చూస్తాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ల పైలట్ కూడా అదే.

భూమి రికార్డుల పనికీ ఇదే వర్తిస్తుంది. మన జిల్లాలోనే, జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో 2020 డిసెంబర్ 21న భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లు దిగాయి. కొలతల మీద ఫిర్యాదులు ఎలాగూ వస్తాయి. రైతును ఎక్కువ తిప్పింది జాయింట్ ఎల్‌పీఎం, అంటే ఉమ్మడి ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబరు. ఇద్దరు ముగ్గురి చెక్కలు ఒకే నంబరు కిందకి చేరితే, అమ్ముకోబోయినవాడు మళ్లీ సర్వేయరు కోసం తిరగాలి. భూమి పంచుకుని కాగితం రాసుకోని అన్నదమ్ములు ఏ ఊళ్లో లేరు? పరీక్ష పెట్టాల్సింది ఆ చిక్కు ఖాతాలకే. శుభ్రంగా ఉన్న పాస్‌బుక్ ఎలాగూ పాసవుతుంది!

తెలంగాణలో ధరణి భూ రికార్డుల పోర్టల్ తర్వాత, దాని స్థానంలో వచ్చిన భూభారతిని 2025 ఏప్రిల్‌లో ముందు నాలుగు మండలాల్లో నడిపి చూశారు: నేలకొండపల్లి, లింగంపేట, మద్దూరు, వెంకటాపూర్. ఆ వరస నాకు నచ్చింది.

ఈ సంచికలో టెస్టర్ల అనుభవాలే ఎక్కువ. మార్పు బెడిసికొడితే పాత వెర్షన్‌కు మళ్లడం ఎలాగో చెప్పే వ్యాసం పొడవైనదే అయినా, కత్తెర వేయలేదు.