అది ముద్దుపేరు కాదు

బియాట్రిస్ షిల్లింగ్ గురించి నేను చదివిన వ్యాసాలు చాలావరకు ఒక జోకుతోనే మొదలయ్యాయి. ఆ జోకుతోనే నా పేచీ.

1940లో బ్రిటన్ యుద్ధవిమానాలు స్పిట్‌ఫైర్, హరికేన్‌లకు ఒక చిక్కు ఉండేది. పైలట్ ముక్కు దించి ఒక్కసారిగా కిందికి దూకిస్తే మెర్లిన్ ఇంజన్ తడబడి ఆగేది. కార్బ్యురేటర్‌లో పెట్రోలు పైకెగసి ముందు ఇంజన్‌కి అందేది కాదు, ఆ వెంటనే మోతాదు మించి ముంచెత్తేది. పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మే జర్మన్ ఇంజన్లకు ఈ బెడద లేదు. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఇంజనీరైన షిల్లింగ్, ఇంజన్‌కి గరిష్ఠంగా ఎంత పెట్రోలు కావాలో లెక్కగట్టి, అంతకు మించి పోనివ్వని రంధ్రంతో చిన్న ఇత్తడి ముక్క తయారుచేసింది. 1941లో తన చిన్న బృందంతో వైమానిక స్థావరాలు తిరిగి దాన్ని బిగించింది. ఇందుకోసం విమానాలను సేవ నుంచి తప్పించాల్సిన అవసరం కూడా రాలేదు.

దానికి వాడుకలో స్థిరపడిన పేరు 'మిస్ షిల్లింగ్స్ ఆరిఫిస్'. ఇంజనీర్లకు ఆరిఫిస్ అంటే కొలిచి తీసిన రంధ్రం. శరీరంలోని రంధ్రాలకూ అదే మాట. నవ్వు అక్కడే ఉంది. అభిమానంతో పెట్టిన పేరే కదా అంటారు. రుడాల్ఫ్ డీజిల్ కనిపెట్టిన ఇంజన్‌కి అతని ఇంటిపేరే చాలింది. ఆయన ఒంటి మీద జోకు వేయాలని ఎవరికీ తోచలేదేం? పైగా 1941 నాటికి ఆమె 'మిస్' కూడా కాదు. 1938లోనే జార్జ్ నేలర్‌ని పెళ్లాడింది.

ఇక రెండో కథ. 1934లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌ మీద నార్టన్ మోటార్‌సైకిల్‌ను గంటకు 100 మైళ్లు దాటించి ఆమె గోల్డ్ స్టార్ తెచ్చుకుంది. నేలర్ కూడా అది గెలిస్తేనే పెళ్లి అందని చెప్పుకుంటారు. ఆ మోటార్‌సైకిల్ కూడా చివరికి పెళ్లిచూపుల కథలో సరుకైపోయింది!

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. కార్బ్యురేటర్ విప్పడం నాకు రాదు గానీ, ఒక పేరు ఏ పని చేస్తుందో తెలుసు. ఈ పేరు మన చూపును బుర్ర మీంచి ఒంటి మీదికి మళ్లిస్తుంది.

యుద్ధయంత్రాన్ని పూజించమని నేననడం లేదు. ఆ పనిని పనిగా చెప్పమంటున్నాను. 14 ఏళ్లకే మోటార్‌సైకిల్ కొన్న ఈ అమ్మాయిని తన దగ్గర పనిలో పెట్టుకుని, ఇంజనీరింగ్ చదవమని ప్రోత్సహించింది మార్గరెట్ పార్ట్రిడ్జ్ అనే మరో మహిళా ఇంజనీరు. 1932లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా, తర్వాత మెకానికల్‌లో మాస్టర్స్, 1936 నుంచి 1969 దాకా ఫార్న్‌బరోలో ఉద్యోగం. యుద్ధం ముగిశాక తడి రన్‌వేల మీద విమానాల బ్రేకులు ఎలా పట్టుతప్పుతాయో పరీక్షించింది. ఆ పని మీద ఎవరూ జోకు కట్టలేదు, కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

షిల్లింగ్ పుట్టింది 1909 మార్చి 8న. ఏటా ఆ రోజు మనం 'ఆదర్శ మహిళల' జాబితాలు వేస్తాం. ఆమె పేరు చేర్చేటప్పుడు జోకుని వదిలేసి, ఆ ఇత్తడి ముక్క ఎలా పనిచేసిందో రెండు వాక్యాలు రాద్దాం. అది రాయడానికి మనకి ఓపిక లేకపోతే, నవ్విన మగవాళ్లని తప్పుపట్టే హక్కు మనకెక్కడిది?