పోర్టు తెరిచినంత మాత్రాన పాట రాదు

ఇంట్లో మ్యూజిక్ సర్వర్ పెట్టుకున్నవాళ్లు ఊరు దాటగానే పాట రావట్లేదని అడిగితే, కాస్త కంప్యూటర్ తెలిసిన ప్రతివాళ్లూ ఒకే మాట చెబుతున్నారు. "రూటర్‌లో పోర్టు తెరవండి. అప్పటికీ రాకపోతే సిస్టమ్‌ని డీఎంజెడ్‌లో పెట్టండి, దెబ్బకు వస్తుంది." మన దేశంలో చాలా ఇళ్లకు ఈ సలహా ఇవాళ పనికిరాదు. పైగా హాని చేస్తుంది. ఆ మాట నమ్మి రెండు వారాలు పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి గట్టిగానే కాదంటున్నాను.

మా నాన్న రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డు చేసిన క్యాసెట్లు విజయవాడ ఇంట్లో మూడు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. పొద్దుటి భక్తిరంజని, రాత్రి కచేరీలు, లలిత గీతాలు. ప్రతి క్యాసెట్ మొదట్లో బటన్ నొక్కిన టక్కుమనే చప్పుడు, వెంటనే ఆయన గొంతు సవరించుకోవడం వినపడతాయి. ఆయన పోయాక వాటన్నిటినీ ఫ్లాక్ ఫైళ్లుగా మార్చి, పాత డెస్క్‌టాప్‌లో నావిడ్రోమ్ అనే మ్యూజిక్ సర్వర్ వేసి ఎక్కించాను. ఇంట్లో ఏ ఫోన్‌లోనైనా చక్కగా పలికేవి. హైదరాబాద్‌లో ఉన్న అక్కకు మాత్రం రాలేదు.

ఇంటర్నెట్ కనెక్షన్ తాలూకు కుర్రాడు వచ్చి, నావిడ్రోమ్ వాడే 4533 పోర్టును రూటర్‌లో ఫార్వర్డ్ చేశాడు. రాలేదు. బయటి నుంచి వచ్చేదంతా ఒకే కంప్యూటర్‌కు పంపే డీఎంజెడ్ ఆన్ చేశాడు. అప్పుడూ రాలేదు. "మీ సర్వరే సరిగ్గా లేదు సార్" అని వెళ్లిపోయాడు. సర్వర్‌ని నాలుగుసార్లు తీసి మళ్లీ వేశాను. సర్వర్‌లో ఏ తప్పూ లేదు.

తప్పెక్కడుందో రూటర్ స్టేటస్ పేజీలోనే రాసి ఉంది. వ్యాన్ ఐపీ, అంటే రూటర్ బయటి వైపు చిరునామా, అన్నచోట మా ఇంటి నంబరు 100.72తో మొదలైంది. అదే ఇంటి నుంచి 'నా ఐపీ ఎంత' అని బ్రౌజర్‌లో వెతికితే వేరే నంబరు వచ్చింది. ఈ రెండూ ఒకటి కాలేదంటే మన రూటర్‌కు అవతల ఇంకో రూటర్ ఉన్నట్టే. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న నంబర్లను 2012లో ప్రత్యేకంగా ఈ పనికే కేటాయించారు. మధ్యలో ఇలా ఇంకో రూటర్ పెట్టే పద్ధతిని సీజీనాట్ అంటారు. ఒకే పబ్లిక్ చిరునామాను ఇంటర్నెట్ కంపెనీ ఎన్నో ఇళ్లకు కలిపి పంచుతుంది. కారణం కొరత. పాత పద్ధతి ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపినా దాదాపు 429 కోట్లే. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిల్వలోని చివరి వాటాలు పంచేశారు, ఏప్రిల్‌కల్లా ఆసియా-పసిఫిక్ వాటా కూడా అడుగంటింది.

పెద్ద అపార్ట్‌మెంట్‌కు డోర్ నంబరు ఒకటే ఉండి, ఉత్తరం మీద ఫ్లాట్ నంబరు వేసే వీలే లేదనుకోండి. పోస్ట్‌మ్యాన్ ఎవరి తలుపు తట్టాలి? మన ఫ్లాట్ తలుపు బార్లా తెరిచి కూర్చున్నా ఉత్తరం గేటు దగ్గరే ఆగిపోతుంది. మనం రాసిన ఉత్తరానికి జవాబైతే వస్తుంది, ఎవరు రాశారో గేటు దగ్గర రాసి పెట్టుకుంటారు కాబట్టి. వీడియోలు, వార్తలు అన్నీ వస్తూ పాటల సర్వర్ ఒక్కటే బయటికి కనపడకపోవడం అందుకే. మన రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా కంపెనీ గేటు తెరుచుకోదు.

అయితే ఒక తేడా గమనించాలి. వ్యాన్ నంబరు 192.168తో మొదలైతే చాలాసార్లు ఆ రెండో రూటర్ మన ఇంట్లోనే ఉంటుంది. కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె ఒకటి, మనం కొన్నది ఇంకొకటి. ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమంటే సాధారణంగా సరిపోతుంది.

డీఎంజెడ్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. సీజీనాట్ వెనక ఉన్నన్నాళ్లూ అది బయటివాళ్లకు దారివ్వదు, మనకూ ఉపయోగపడదు. కానీ ఆ సెట్టింగు అక్కడే ఉండిపోతుంది. రేపు కంపెనీ మారి పబ్లిక్ ఐపీ వచ్చినా, ఉన్న కంపెనీ దగ్గరే తీసుకున్నా, ఆ కంప్యూటర్‌లో వింటున్న పోర్టులన్నీ ఆ క్షణం నుంచి లోకానికి తెరుచుకుంటాయి. పాటలతో పాటు అందులో ఇంటి ఫొటోలు, బ్యాంకు కాగితాలు కూడా ఉంటాయి. తెలియక ఆన్ చేసిన ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. తెలిసీ ఈ సలహా ఇచ్చేవాళ్లనే తప్పుపడుతున్నాను.

"స్టాటిక్ ఐపీ కొనుక్కోండి" అనేవాళ్ల మాట సగమే నిజం. కావాల్సింది పబ్లిక్ ఐపీ. అది మారుతూ ఉన్నా, మారే నంబరును ఒకే పేరుకు ముడిపెట్టే డైనమిక్ డీఎన్ఎస్ చూసుకుంటుంది. సీజీనాట్ వెనక మాత్రం ఆ డీఎన్ఎస్ కూడా నిరుపయోగమే, అది చూపించేది కంపెనీ చిరునామాను. "అప్‌లోడ్ స్పీడు చాలదు" అనడం మరీ అన్యాయం. సీడీ నాణ్యత ఏ కుదింపూ లేకుండా సెకనుకు 1,411 కిలోబిట్లు. ఫ్లాక్‌లో అంతకన్నా తగ్గుతుంది. ఓపస్‌లోకి మారిస్తే 128 చాలు.

పరీక్షించే పద్ధతిలో కూడా తప్పు చెబుతున్నారు. ఇంటి వైఫై మీదే ఉండి బయటి చిరునామా కొట్టి చూడమంటారు. కొన్ని రూటర్లు ఆ చుట్టుదారిని ఒప్పుకోవు, కొన్ని ఒప్పుకుంటాయి. వచ్చినా రాకపోయినా దాన్నిబట్టి ఏమీ తేలదు. వైఫై ఆపి ఫోన్ డేటా మీద చూడాలి. పోర్టు ఫార్వర్డింగ్ నిజంగా పనిచేసే ఇళ్లలో కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్‌కు లోపలి చిరునామా మారిపోవచ్చు, రూల్ మాత్రం పాత నంబరునే పట్టుకుని ఉంటుంది. ఆ చిరునామాను రూటర్‌లో రిజర్వ్ చేయాలి.

మా ఇంట్లో పనిచేసిన మార్గం టెయిల్‌స్కేల్ అనే ప్రైవేట్ నెట్‌వర్క్ యాప్. డెస్క్‌టాప్‌లో ఒకటి, అక్క ఫోన్‌లో ఒకటి వేశాం. రెండు వైపులా కనెక్షన్ లోపలి నుంచి బయటికి వెళ్తుంది కాబట్టి గేటు దగ్గర అడ్డు లేదు. లోపల నడిచేది వైర్‌గార్డ్, అంతా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది. రూటర్‌లో ఒక్క పోర్టు తెరవలేదు. అది ఇచ్చే చిరునామాలు కూడా 100తోనే మొదలవుతాయి, వాటిని చూసి కంగారు పడక్కర్లేదు. ఇంటికీ ఫోన్‌కూ కొత్త పద్ధతి ఐపీవీ6 ఉంటే ఆ దారి కూడా ఉంది, రూటర్ ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క సర్వర్‌కే అనుమతి ఇవ్వాలి.

పబ్లిక్ ఐపీ ఉన్నవాళ్లు పోర్టు తెరవడం తప్పని నేననను. కానీ 4533ను నేరుగా బయట పెట్టకండి. ముందు కాడీ లాంటి ప్రాక్సీ పెట్టి, 443 మీద హెచ్‌టీటీపీఎస్‌తో రానివ్వండి. ఉత్త హెచ్‌టీటీపీ మీద లాగిన్ అయితే పాస్‌వర్డ్ దారిలో ఉన్నవాళ్లకు చదవడానికి దొరుకుతుంది.

"ఇంత తంటా ఎందుకు, పాటలన్నీ యాప్‌లలో ఉన్నాయి కదా" అంటారు చివరికి. అన్నీ లేవు. టెయిల్‌స్కేల్ వేసిన రాత్రి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, పాట మొదలవ్వకముందే నాన్న గొంతు సవరించుకున్నాడురా" అంది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆ గొంతు ఏ యాప్‌లోనూ దొరకదు, మా ఇంటి డెస్క్‌టాప్‌లోనే ఉంది.

మీ రూటర్‌లో ఎవరైనా డీఎంజెడ్ ఆన్ చేసి వెళ్లి ఉంటే, ఈ పూటే ఆపేయండి.