రూపాయి ఏ చేతిలో ఉంది?

మొన్న ఈద్ సెలవులకి ఈపురుపాలెం వెళ్లాను. వరండాలో కూర్చుని చాయ్ తాగుతుంటే మా అక్క కొడుకు, పన్నెండేళ్ల వాడు, "మామూ, ఇధర్ దేఖో" అంటూ రూపాయి బిళ్ల పట్టుకొచ్చాడు. ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి తీసుకున్నాడు. గుప్పెట మూశాడు, ఊదాడు, తెరిచాడు. ఖాళీ!

నేను షాబాష్ అనేలోపే అమ్మీ చేతిలో తస్బీహ్ ఆగిపోయింది. "తౌబా తౌబా! జాదూ హరామ్ హై రే! ఎవరు నేర్పారు నీకివన్నీ?" వాడి మొహం వాడిపోయింది. బిళ్ల జేబులో వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

అమ్మీ ఖౌఫ్‌ని నేను తేలిగ్గా తీసుకోను. సిహ్ర్ గునాహె కబీరా అని మనందరికీ తెలుసు. కానీ మన ఇళ్లలో జాదూ అనే ఒక్క మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. గైబ్ శక్తులు నా చేతిలో ఉన్నాయని దావా చేసేది ఒకటి. హాథ్ కీ సఫాయి, అంటే షోబదా, ఇంకొకటి. వినోదం కోసం కూడా షోబదా వద్దనే ఉలేమా ఉన్నారు. వారి రాయ్ పట్ల నాకు ఇహ్తెరామ్ ఉంది. నేను ఆలిమ్‌ని కాదు, సహాఫీని. నాకు తోచింది చెబుతున్నాను.

హజ్రత్ మూసా అలైహిస్సలాం ఎదుట ఫిరౌన్ జాదూగర్లు తాళ్లు, కర్రలు పడేసిన వాఖియా పిల్లలకి కూడా తెలుసు. వాళ్లు జనం కళ్లను మాయ చేశారనే ఖురాన్ చెబుతుంది. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న హనఫీ ఫఖీహ్ అబూబకర్ జస్సాస్ తన 'అహ్కాముల్ ఖురాన్'లో ఆ తాళ్లలో, కర్రల్లో పాదరసం నింపారని, వేడి తగిలి అవి కదిలాయని వివరించారు. అంటే గుట్టు విప్పింది ఒక ఆలిమే. 13వ శతాబ్దంలో దమిష్క్‌కి చెందిన జౌబరీ అయితే దొంగ పీర్లు, రసవాదులు, బిచ్చగాళ్లు చేసే మోసాలన్నీ వరసగా విప్పి ఏకంగా కితాబే రాశాడు.

ఈ ఇల్మ్ మన చేతిలోంచి జారిపోతే ఏమవుతుందో 1856లో అల్జీరియాలో తెలిసింది. మరాబూత్‌లకి జనంలో ఉన్న పలుకుబడి తగ్గించడానికి ఫ్రెంచ్ సర్కారు రాబర్ట్ హూడాన్ అనే మెజీషియన్ని అల్జీర్స్ పంపింది. స్టేజి మీద ఓ చిన్న పెట్టె పెట్టాడు. ముందు మామూలుగా లేచిన పెట్టె, తర్వాత బలమైన పహిల్వాన్ లాగినా లేవలేదు. "నీ బలం లాగేసుకున్నాను" అన్నాడు. స్టేజి కింద ఉన్నది కరెంటు అయస్కాంతం, అంతే! ఫౌజు చెయ్యాల్సిన పని ఒక షోబదా చేతికిచ్చారు.

అంత దూరం ఎందుకు, మా ఖాలా సంగతే చెబుతాను. నా చిన్నప్పుడు ఒక ఆమిల్ వచ్చి ఇంట్లో నిమ్మకాయ కోశాడు. ఎర్రటి రసం కారింది. "మీ మీద ఎవరో చేయించారు" అన్నాడు. ఖాలా చేతి గాజులు అమ్మి ఇచ్చింది. మందార పువ్వు రుద్దిన కత్తితో నిమ్మకాయ కోస్తే పులుపు తగిలి ఎర్రబడుతుందని డిగ్రీ రోజుల్లో తెలిసింది నాకు. జన విజ్ఞాన వేదిక వాళ్లు ఇలాంటివి ఊరూరా చేసి చూపిస్తుంటారు. తాయెత్తులతో, మంత్రాలతో రోగాలు నయం చేస్తామని ప్రచారం చేసుకోవడం నేరమని 1954 నుంచే చట్టం ఉంది. కానీ చట్టం మన గడప లోపలికి రాదు. తెలివి రావాలి.

అందుకే ఆ రాత్రి మేనల్లుడిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఆ రూపాయి ట్రిక్కే మంచి బిస్మిల్లా. బిళ్లని ఎడమ చేతి వేళ్ల కొసల్లో పట్టుకోవాలి. కుడి చెయ్యి అడ్డం వచ్చి తీసుకున్నట్టు మూసుకునే లోపు బిళ్లని ఎడమ అరచేతిలోకి జారవిడవాలి. అసలు పని వేళ్లది కాదు, కళ్లది. మన చూపు ఖాళీ గుప్పెట వెంట పోతే చూసేవాళ్ల చూపూ అటే పోతుంది. అద్దం ముందు రోజూ మష్ఖ్ చెయ్యాలి. చేసిందే వెంటనే మళ్లీ చెయ్యకూడదు. వాడికి నేను పెట్టిన షరతు ఒక్కటే: "ఇది నా కరామత్ అని ఎప్పుడూ, ఎవరితోనూ అనకు."

మర్నాడు ఫజర్ అయ్యాక వాడు అమ్మీ ముందు కూర్చుని మెల్లగా, ఒక్కో వేలూ కనబడేట్టు చేసి చూపించాడు. అమ్మీ తనూ ప్రయత్నించింది. బిళ్ల జారి గచ్చు మీద దొర్లింది. కాసేపు నవ్వింది. తర్వాత బిళ్ల తీసి వాడి చేతిలో పెడుతూ, "ఆపా ఉన్నప్పుడే ఎవరన్నా ఇలా చూపించి ఉంటే, గాజులు మిగిలేవి" అంది.

అమ్మలూ, అబ్బాలూ! పిల్లలు రూపాయి మాయం చేస్తే తౌబా అనకండి. ఎలా చేశావు బేటా అని అడగండి. వేళ్ల సందులో రూపాయి దాచడం తెలిసిన పిల్లని, రేపు నిమ్మకాయ పట్టుకొచ్చినవాడు మోసం చెయ్యలేడు.