తప్పు తుపాకి ఆటదేనా?

పొద్దుగూకితే చాలు, రచ్చబండ మీద, బస్సు షెల్టర్లో, గుడి మెట్ల మీద కుర్రాళ్ళు తలలు వంచుకుని సెల్‌ఫోన్లలో తుపాకులు పేలుస్తున్నారు. అన్నానికి పిలిస్తే పలకరు. ఫోను లాక్కుంటే తల్లి మీదికే లేస్తున్నారు. "ఆ చంపుకునే ఆట ఆడి ఆడి వీడికి రాక్షస బుద్ధి పట్టుకుంది" అని పెద్దలు వాపోతున్నారు. ఈ ఆరోపణలో నిజమెంత?

చంపడం చూసినంత మాత్రాన చంపే బుద్ధి పుట్టేటట్లయితే చిత్తూరు జిల్లా పల్లెలు ఏనాడో వల్లకాడు కావలసింది. అక్కడ ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారత ఉత్సవాలు జరుగుతాయి. దుర్యోధన వధ నాడు ఆరుబయట పెద్ద మట్టి బొమ్మను చేస్తారు. భీముని వేషగాడు దాని తొడ పగులగొడతాడు. ఆడవాళ్ళు చీపుళ్ళతో బొమ్మను బాదుతారు. అది చూసి ఇంటికి పోయి పొరుగువాడి తొడ విరగ్గొట్టినవాడు లేడు.

అయితే ఒక తేడా ఉంది. అక్కడ జనం ప్రేక్షకులు. ఫోనులో కుర్రవాడే భీముడు. భారతానికి పట్టాభిషేకంతో ముగింపు ఉంది. ఫోను ఆటలో ఒకటి అయిపోతే మరొకటి మొదలు. పక్కన పెద్దలు ఉండరు. కనుక ఈ విషయంలో శాస్త్రజ్ఞులు ఏమంటున్నారో చూడాలి.

2019లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు బ్రిటన్‌లోని 14, 15 ఏళ్ళ పిల్లలను సుమారు వెయ్యిమందిని పరిశీలించారు. హింసాత్మకమైన ఆటలకూ పిల్లల దుడుకుతనానికీ సంబంధం కనిపించలేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో మధ్యేమార్గంగా చెప్పింది. అరవడం, నెట్టడం వంటి దుడుకు చేష్టలతో ఈ ఆటలకు కొద్దిపాటి సంబంధం ఉందట. హత్యల వంటి ఘోరాలకు ఆటలే కారణమనడానికి మాత్రం తగిన ఆధారాలు లేవట.

నిషేధంతో సమస్య తీరుతుందనే వారూ ఉన్నారు. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు పబ్‌జీ ఆటను నిషేధించి, ఆడిన విద్యార్థులను అరెస్టు కూడా చేశారు. 2020 సెప్టెంబరులో కేంద్రమే ఆ ఆటను ఆపింది. అయితే అందుకు చూపిన కారణం దేశ భద్రతే గాని పిల్లల ప్రవర్తన కాదు. 2021లో అదే ఆట కొత్త పేరుతో వచ్చింది. 18 ఏళ్ళ లోపు వారికి రోజుకు 3 గంటలే అని హద్దు పెట్టారు. కుర్రవాడు తండ్రి వయసు చెప్పి ఆడుకుంటే ఆ హద్దు ఏపాటిది?

అసలు ప్రమాదం మరొకచోట ఉంది. ఆట మీద అదుపు తప్పి చదువు, తిండి, నిద్ర మానుకోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమలులో ఉంది. రాత్రి రెండింటిదాకా ఫోను పట్టుకుని తెల్లవారి బడికి పోయే పిల్లవాడికి చిరాకు రాక ఏమవుతుంది? ఆ చిరాకుకు తుపాకి కంటే నిద్రలేమి పెద్ద కారణం.

ఇంకొక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. తండ్రి తాగివచ్చి తల్లిని కొట్టడం రోజూ చూసే పిల్లవాడికి కొట్టడం నేర్పడానికి ఏ ఆటా అక్కరలేదు. ఆ ఇంట్లో నేరమంతా ఫోను మీదికి నెట్టడం శోచనీయం.

పెద్దలు చేయదగిన పనులు లేకపోలేదు. రాత్రి భోజనాల తర్వాత ఫోను పెద్దల దగ్గరే ఉండాలి. ఆట మధ్యలో లాక్కోకుండా ముందే వేళ చెప్పి, ఆ మాట మీద నిలబడాలి. తండ్రి ఒక్కసారైనా పక్కన కూర్చుని కొడుకు ఏమి ఆడుతున్నాడో చూడాలి. నిద్రా చదువూ మానేసిన పిల్లవాణ్ణి కొట్టకుండా డాక్టరుకు చూపాలి. ముళ్ళకంపలు పెరిగిన బడి మైదానాన్ని బాగుచేసి, ఒక వాలీబాల్ నెట్ కట్టించవలసిన బాధ్యత ఊరి పెద్దలది. సాయంత్రం ఆడుకోను చోటు చూపకుండా ఫోను ఆడుతున్నాడని పిల్లవాణ్ణి తిట్టడం న్యాయం కాదు.